నాన్న నడిపిన ఫియట్ లాంటిదే దొరికింది, కొనమంటారా?

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 43, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా నాన్నగారు పశువుల డాక్టరుగా చేశారు. నా చిన్నతనంలో మాకు క్రీమ్ కలర్ ప్రీమియర్ పద్మిని ఉండేది. ఊరెళ్తే అక్కా నేనూ నాన్న పక్కన ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చునేవాళ్లం. 1999లో దాన్ని అమ్మేశారు. నాన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నెల్లూరు దగ్గర అదే రంగు పద్మిని, 1986 మోడల్, అమ్మకానికి ఉంది. 2,75,000 చెబుతున్నాడు. కొత్తగా పెయింట్ వేయించాడు, ఇంజిన్ పని కూడా చేయించానంటున్నాడు. వీడియోలో మెరిసిపోతోంది. ఆర్సీ 2021తో అయిపోయింది. అది ఇప్పటికీ పాత ఓనరు పేరు మీదే ఉంది. ఆయన చనిపోయారట, కానీ ఆయన సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయట. ‘వింటేజ్ కారు, రేటు పెరగడమే గానీ తగ్గదు’ అంటున్నాడు. వారంలో 25,000 అడ్వాన్స్ వేయకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. నా దగ్గర మూడున్నర లక్షలు ఉన్నాయి. వాడుకోవడానికి ఇంట్లో చిన్న కారు వేరే ఉంది. మా ఆవిడ మాత్రం వద్దంటోంది. బాబు వచ్చే ఏడు ఇంటర్‌లో చేరతాడు, ఇప్పుడు ఇదేంటంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కొనమంటారా?

జవాబు: ముందు ఆ 25,000 పంపకండి. బండి చూడకుండా, కాగితాలు చేత్తో పట్టుకోకుండా ఒక్క రూపాయి కూడా వద్దు. ఈ వారంలో వేరేవాళ్లు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. పాత బండ్లు అమ్మేవాళ్లు ఈ మాట ఫోన్ చేసిన ప్రతి ఒక్కరితోనూ అంటారు. 2021 నుంచి ఆర్సీ లేని కారు కోసం నెల్లూరులో ఎవరూ క్యూ కట్టి నిలబడలేదు.

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పద్మిని కొనొచ్చా అన్నది ఒకటి, ఈ పద్మిని కొనొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానికి, ఇంటి ఖర్చులకు అడ్డు రానంతవరకు, కొనండి అనే అంటాను. రెండోదానికి, మీరు రాసిన వివరాలను బట్టి, ఇప్పుడున్న స్థితిలో వద్దంటాను.

పద్మినిని ఎందుకు కొనమంటున్నానో చెప్తాను. పాత కారు మీద ఇష్టంతో మొదటిసారి దిగేవాళ్లకు అంతకన్నా అనుకూలమైన బండి మన దేశంలో తక్కువ. ఇటలీ ఫియట్ 1100డిని ముంబై కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరుతో మన రోడ్ల మీదికి తెచ్చింది. ఫియట్‌తో ఒప్పందం తీరిపోయాక 1970ల్లో అదే బండి పేరు ముందు ప్రెసిడెంట్, ఆ తర్వాత పద్మిని అయింది. మన ఊళ్లలో మాత్రం చివరిదాకా ఫియట్ అనే అన్నారు. మీ ఇంట్లోనూ అలాగే పిలిచి ఉంటారు. 1089 సీసీ ఇంజిన్, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్, అంతే. సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. పాయింట్లు గీకి, ప్లగ్గులు తుడిచి రోడ్డు పక్కనే మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు. గేరు రాడ్డు స్టీరింగ్ దగ్గరే ఉంటుంది కాబట్టి ముందు సీటు అటు నుంచి ఇటు ఒకే బల్లలా ఉంటుంది. మీరూ మీ అక్కా నాన్న పక్కన పట్టింది అందుకే.

అయితే ఆ రోజులకూ ఈ రోజులకూ ఒక పెద్ద తేడా ఉంది. ముంబైలో నల్లా పసుపూ టాక్సీలుగా పద్మినులు వేలల్లో తిరిగినంత కాలం వాటి సామాన్లు తయారుచేసేవాళ్లూ అమ్మేవాళ్లూ బతికారు. అక్కడ చివరిగా రిజిస్టరైన పద్మిని టాక్సీకి 20 ఏళ్ల గడువు 2023 అక్టోబరులో తీరిపోయింది. ఇప్పుడు దొరికేది చాలావరకు పాత స్టాకు, లేదంటే తుక్కు బండ్లలోంచి ఊడదీసిన సామాను. పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేటు లాంటివి వెతికితే ఇంకా దొరుకుతున్నాయి. ఇబ్బందంతా పైకి కనిపించే వాటితోనే. అద్దాలు, తలుపుల రబ్బర్లు, వెనక లైట్ల గాజులు, స్టీలు పట్టీలు, మీటర్లు. ముందు గ్రిల్లు ఒక్కటి విరిగి ఉందని ఏడాదిపాటు ముంబై, చెన్నై పుదుపేట, హైదరాబాద్ రాణిగంజ్ తిరిగిన మిత్రులున్నారు నాకు. అందుకని ఏ పద్మిని చూసినా మొదట అడగాల్సింది ఇంజిన్ గురించి కాదు. కంపెనీ ఇచ్చినవన్నీ బండి మీద ఉన్నాయా? ఈ సరదాలో ఇంజిన్ నలిగిపోయి, సామాను మొత్తం ఉన్న బండి మంచిది. ఇంజిన్ బాగుండి సగం సామాను పోయిన బండి జోలికి వెళ్లకండి.

ఇప్పుడు మీ నెల్లూరు బండికి వద్దాం. కాగితాలతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ బేరం ఆగేది అక్కడే.

1986లో రిజిస్టరైన సొంత కారుకి మొదటి 15 ఏళ్లు, అంటే 2001 దాకా చెల్లుబాటు. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. లెక్క వేసుకుంటే 2006, 2011, 2016, 2021. అంటే 2021 వరకు ఎవరో శ్రద్ధగా చేయించారు, అది మంచి గుర్తే. ఆ తర్వాత ఎందుకు ఆపేశారో అడగండి. పెద్దాయన పోయినప్పటి నుంచే ఆగిందా, లేక బండి ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లే స్థితిలో లేక ఆగిందా? 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 చేసింది. గడువు దాటితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. దీని మీద గ్రీన్ టాక్స్ ఉంది. పాత బకాయిలేమైనా ఉంటే అవి వేరే. ఇదంతా కలిపితే చిన్న మొత్తం కాదు. అది ఎవరు భరించాలన్నది ధర మాట్లాడేటప్పుడే తేలాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఆ సంతకాల ఫారాలు. అమ్మేవాడి పేరు ఆర్సీలో లేదు. పేరున్న మనిషి బతికి లేడు. చనిపోయిన మనిషి ఎప్పుడో పెట్టిన సంతకం మీద ఇప్పుడు తేదీ వేసి బండిని మీ పేరుకు మార్చుకోవడం తప్పు పని. ‘అందరూ అలాగే చేస్తారు, ఏజెంటు చూసుకుంటాడు’ అని అతను అంటాడు. వినకండి. రేపు ఆ పెద్దాయన కొడుకో కూతురో వచ్చి బండి మాది అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఓనరు చనిపోతే బండి వారసుల పేరు మీదికి మారడానికి ఫారం 31 అనే దారి ఉంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం పెట్టుకుంటే అయ్యే పనే. వారసుల పేరు మీదికి వచ్చాక రెన్యువల్, ఆ తర్వాత ఫారం 29, 30 మీద మీ పేరుకు. ఈ వరస మారకూడదు.

ఇందులో మీకు ఇంకో లాభం కూడా ఉంది. రెన్యువల్ చేయాలంటే బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడాలి. అమ్మేవాడే ఆ ఖర్చు పెట్టుకుని, బండిని తీసుకెళ్లి, చూపించి, పాస్ చేయించి తెచ్చాడంటే ఆ బండి కనీసం నడుస్తుందని, నంబర్లు కలిశాయని తేలినట్టే. దానికి అతను ఒప్పుకోకపోతే మీకు జవాబు వచ్చేసినట్టు. నెల్లూరు వెళ్లాల్సిన అవసరం కూడా ఉండదు.

ఆర్సీ పుస్తకం చేతికొచ్చాక ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలిపి చూడండి. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి లోపల ఏదో డీజిల్ ఇంజిన్ ఉన్న ఫియట్లు, అంబాసిడర్లు మన దగ్గర కొల్లలు. ఒకప్పుడు ఖర్చు తగ్గుతుందని అలా మార్చుకునేవారు. ఆర్సీలో ఆ మార్పు ఎక్కకపోతే రెన్యువల్ అవదు. పాత పుస్తకం ఆర్సీల వివరాలు కొన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు కూడా. నంబరు కొట్టి చూడండి. వివరాలు రాకపోతే అది ఎక్కించుకునే పని కూడా అమ్మేవాడిదే.

‘వింటేజ్’ అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఆ మాట అడ్డం పెట్టుకుని చాలామంది రేటు పెంచుతున్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని వాహనం. 1986 కారుకి 2036 దాకా ఆ మాట వర్తించదు. ఒకవేళ వర్తించినా మీకు అక్కర్లేదు. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించిన బండిని ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలుకో రిపేరుకో తప్ప రోజువారీగా నడపకూడదు. మీరు అమ్మగారిని ఎక్కించుకుని అన్నవరం వెళ్లి రావాలనుకుంటారు. దానికి మామూలు రిజిస్ట్రేషనే కావాలి. ఇంకో భయం కూడా ఉండొచ్చు మీకు, పాత బండ్లన్నీ తుక్కు చేసేస్తారేమోనని. ఫిట్‌గా ఉండి రెన్యువల్ అవుతున్న సొంత కారుని మన రాష్ట్రంలో వయసు ఒక్కటే చూసి తీసుకెళ్లి తుక్కు చేయరు. ఢిల్లీ చుట్టుపక్కల బండి వయసు మీద నడిచే గొడవ వేరు.

కాగితాలు తేలాయనుకుందాం. అప్పుడు బండి చూడ్డానికి వెళ్తారు. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి.

పన్నెండేళ్ల కిందట నేనూ మా బావమరిదీ కలిసి ఒక అంబాసిడర్ కొన్నాం. తెల్లగా, కొత్త పెయింట్‌తో, అద్దంలా ఉంది. ఇంజిన్ విన్నాం, బాగుంది. నడిపాం, బాగుంది. తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన టింకర్ మేస్త్రి దగ్గర పెట్టాం, ఊరికే ఒకసారి చూడమని. ఆయన బండి చుట్టూ తిరగనే లేదు. కింద గోనె పరుచుకుని పడుకుని, తలుపుల కింద ఉండే పట్టీ మీద స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కాడు. పనసతొనలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే వేలి మందాన లప్పం పెచ్చు ఊడి వచ్చింది, దాని వెనక గోనెపట్టా ముక్క. రేకు తుప్పు తిని పోతే ఆ కన్నంలో గోనె కుక్కి, పైన లప్పం పూసి, దాని మీద రంగు కొట్టారు. మేస్త్రి ఆ గోనె ముక్కని నా చేతిలో పెట్టాడు. తడిగా ఉంది. లోపల నీళ్లు పట్టి, ఉన్న కాస్త రేకునీ తినేస్తోంది. ఆ బండి నిలబడేసరికి ఐదు నెలలు పట్టింది, కొన్న ధర కన్నా ఎక్కువ అయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పద్మినికి కూడా లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. ఆ రేకు పెట్టే దానికి వెన్నెముక. తలుపుల కింది పట్టీలు, ఫ్లోరు, వెనక కమాన్ పట్టాలు తగులుకునే చోటు, ముందు చక్రాల పైభాగం, ఇవి పోతే బండి పోయినట్టే. ఇంజిన్ ఎంత పాడైనా దానికో లెక్క ఉంటుంది. బోరింగ్ చేయించి, పిస్టన్లు వేయించి, హెడ్ చేయించుకుంటే అయిపోతుంది. రేకు పనికి లెక్క ఉండదు. కోసేకొద్దీ ఇంకా పోయి ఉందని తెలుస్తూనే ఉంటుంది. మీరేమో కాకినాడలో ఉంటారు, సముద్రపు గాలి. ఇప్పటికే మొదలైన తుప్పు అక్కడ ఇంకా వేగంగా పాకుతుంది.

కాబట్టి వెళ్లేటప్పుడు ఒక పాత దుప్పటి, టార్చి, సన్న స్క్రూడ్రైవర్, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం పట్టుకెళ్లండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు భాగాల మీద, చక్రాల చుట్టూ ఉండే వంపుల మీద, కింది పట్టీల మీద మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అక్కడక్కడా కొంచెం లప్పం ఉంటే భయపడకండి, నలభై ఏళ్ల బండికి సొట్టలు పడకుండా ఉండవు. అరచేయంత మేర అసలు పట్టుకోకపోతే ఆలోచించాలి. లోపల మ్యాట్లు ఎత్తించండి. అతికించేశాం, రావు అంటే ఎందుకు అతికించారో అడగండి. డిక్కీలో స్టెప్నీ తీయించి దాని కింద చూడండి. ముందు అద్దం రబ్బరు చుట్టూ రంగు ఉబ్బి ఉందేమో వేలితో తడమండి. తర్వాత ఒక పక్క జాకీ వేసి ఎత్తించి ఆ పక్క తలుపులు తీసి వేయండి. నేల మీద ఉన్నప్పుడు హాయిగా పడే తలుపు జాకీ మీద పట్టేస్తే ఆ బండి నడుము వంగుతోందన్నమాట. ఇంక ఇంజిన్ చూడక్కర్లేదు, మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొత్త పెయింట్ అని మీరు సంతోషంగా రాశారు. నాకది భయం పుట్టించే మాట. అమ్మే ముందు వేసిన పెయింట్ ఎక్కువగా దాచడానికే వేస్తారు. అతనితో ఒక్కటే అనండి: ‘పెయింట్‌కి ముందు, రేకు గీకినప్పుడు తీసిన ఫోటోలు పంపండి’. ప్రేమతో పని చేయించిన మనిషి ఫోన్‌లో ఆ ఫోటోలు తప్పకుండా ఉంటాయి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తాడు. అవి లేవంటే ఆ రంగుకి మీరు ఒక్క రూపాయి విలువ కట్టకండి.

ఇంజిన్ గురించి తక్కువే చెప్తాను. మీరు వెళ్లే ముందు స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా ఉంటే ఎందుకో అడగండి. చల్లటి ఇంజిన్ చోక్ లాగి రెండు మూడు సెల్ఫుల్లో అందుకోవాలి. అందుకోగానే ఒకసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్లు అరిగినట్టు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలం పొగ వస్తుంటే సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చినట్టు, ‘పని చేయించాం’ అన్నది నిజం కానట్టు. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున గాలి కొడుతుంటే దాన్నే మన మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు, అదీ అంతే. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలటీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. ఇరవై నిమిషాలు నిలబెట్టి ఐడిల్‌లో నడవనిచ్చి ఇంజిన్ వేడి చూపించే మీటరులో ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఒకటో గేరు బండి పూర్తిగా ఆగితే గానీ పడదు. అది దాని స్వభావం, జబ్బు కాదు. రెండోది వేసేటప్పుడు ప్రతిసారీ గరగరమంటే మాత్రం గేర్‌బాక్స్ దింపాలి. ఇంజిన్ చేయించానన్నాడు కాబట్టి లేత్ బిల్లు, సామాన్ల బిల్లులు అడగండి. టైర్ల మీద గాట్లు బాగున్నాయని చూసి ఊరుకోకండి, పక్కన ఉండే నాలుగు అంకెలు చదవండి. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైంది, రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చాల్సిందే.

నిజానికి మీరు ఇవన్నీ ఒక్కరే చూడకూడదు. కారు కన్నా ముందు మేస్త్రిని వెతుక్కోవాలి. కాకినాడ, రాజమండ్రిలో ఒకప్పుడు టాక్సీ ఫియట్లు చేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, అరవై దగ్గర పడి ఉంటారు. పాత షెడ్లలో అడిగితే చెప్తారు. అలాంటి ఒకాయన ‘నేను చూసుకుంటా’ అంటేనే ఈ సరదా సాగుతుంది. ఆయనకు రానూ పోనూ రైలు టికెట్, రోజు కూలీ ఇచ్చి నెల్లూరు తీసుకెళ్లండి. మీరు వీడియో చూసి ప్రేమలో పడ్డారు, అది తప్పేం కాదు. ఆయనకు ఆ ప్రేమ ఉండదు, అందుకే ఆయన కావాలి.

డబ్బు సంగతి. మీ మూడున్నర లక్షల్లో కారుకి పెట్టాల్సింది రెండు లక్షలకు మించకూడదని నా లెక్క. లక్ష మొదటి ఏడాదికి పక్కన పెట్టండి. టైర్లు, బ్యాటరీ, బ్రేకుల పని, వైరింగ్, రేడియేటర్, ఇవన్నీ ఏ పాత కారు కొన్నా తప్పవు. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ గాస్కెట్లు అసలే మార్చించాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆనాటి రబ్బరు దానికి ఆగదు. ఇథనాల్‌కి చెమ్మ పీల్చుకునే గుణం ఉంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టినా ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, వారానికోసారి తిప్పాలి. ఇన్సూరెన్సు భారం కాదు. 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో 3,416గా నిర్ణయించారు, జీఎస్టీ అదనం. 1.8 లీటర్ల అంబాసిడర్‌కైతే అదే 7,897. మిగిలిన యాభై వేలు ముట్టుకోకండి. ‘రేటు తగ్గదు’ అన్న మాట మీద ఈ కారు కొనకండి. పెయింట్‌కీ టింకరింగ్‌కీ పెట్టిన డబ్బు అమ్మినప్పుడు తిరిగి రాదు.

మీ ఆవిడ మాట నాకు న్యాయంగానే ఉంది. ఆ మూడున్నర లక్షలు బాబు ఇంటర్ ఫీజుకీ హాస్టల్‌కీ సంబంధం లేని డబ్బేనా? అవునంటే ఆమెకు కాగితం మీద లెక్క రాసి చూపించండి, పైన నేను రాసినట్టే. కాదంటే రెండేళ్లు ఆగండి. ఈ రెండేళ్లలో మేస్త్రిని పరిచయం చేసుకోండి, నాలుగు పద్మినులు చూడండి, నడిపి చూడండి. దక్షిణాదిలో జాగ్రత్తగా చూసుకున్న ఒకే ఇంటి బండ్లు ఇంకా బయటికొస్తూనే ఉన్నాయి. క్రీమ్ కలర్ దొరకకపోతే రంగు మార్చుకోవచ్చు, ఆర్సీలో రాయించుకుంటే చాలు. బండి వచ్చాక మీ పిల్లల్ని మాత్రం మీరు కూర్చున్నట్టు ముందు ఇరికించి కూర్చోబెట్టొద్దు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, ఇప్పటి ట్రాఫిక్ అప్పటిది కాదు. ముందు బెల్టులు బిగించడానికి చోటు ఎలా ఉందో మేస్త్రిని చూడమనండి.

నెల్లూరు అతనికి ఈ రాత్రి ఫోన్ చేసి రెండే అడగండి: పెద్దాయన వారసులతో మాట్లాడించగలడా, పెయింట్‌కి ముందు ఫోటోలు ఉన్నాయా అని. రెండింటికీ సరేనంటే మేస్త్రితో వెళ్లి చూడండి. అన్నీ కుదిరితే 1,80,000 దగ్గర మొదలుపెట్టండి, రెండు దాటకండి. కొన్నా సరే అక్కడి నుంచి నడుపుకుంటూ రావద్దు, క్యారియర్ లారీ మీద తెప్పించుకోండి.

ఇంకొక్క సంగతి. మీ నాన్నగారి కారు నంబరు మీరు రాయలేదు. పాత ఆల్బమ్‌లో ఏ పెళ్లి ఫోటోలోనో, తిరుపతి వెళ్లినప్పటి ఫోటోలోనో బండి ముందు భాగం పడి ఉంటుంది. అమ్మగారిని, అక్కయ్యని అడగండి, వాళ్లకు ఆ నంబరు గుర్తుండొచ్చు. దొరికితే ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. 1999లో అమ్మిన బండ్లలో చాలావాటి ఆచూకీ దొరకదు, ముందే చెప్తున్నాను. కానీ ఒకవేళ ఎక్కడో ఏ షెడ్డులోనో ఉందని తెలిస్తే నాకు వెంటనే రాయండి. ఆ బండికైతే ఈ లెక్కల్లో కొన్ని నేనే పక్కన పెట్టమంటాను.